'పదేళ్ల నుంచి' ఎక్కడ తప్పింది?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రోజూ ఇంగ్లీషు గ్రామర్ అభ్యాసాలు చేస్తాను. ఖాళీలు పూరించమంటే దాదాపు అన్నీ సరిగ్గానే వస్తాయి. మొన్న మా మేడమ్‌తో 'ఐ యామ్ లివింగ్ ఇన్ గుంటూరు సిన్స్ టెన్ ఇయర్స్' అంటే తప్పన్నారు. ఎందుకో తెలియలేదు. బ్రిటిష్ వారి పండుగలు, అలవాట్ల గురించి చదవమని కూడా చెప్పారు. వాటితో గ్రామర్ వస్తుందా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదమ్మా. 'పదేళ్ల నుంచి గుంటూరులో ఉంటున్నాను' అన్న చక్కటి తెలుగు వాక్యానికి ఇంగ్లీషు మాటలు తొడిగారు, అంతే. తెలుగులో గడిచిన పదేళ్ల సంగతి 'పదేళ్ల నుంచి' అన్న మాటే చెప్పేస్తుంది. క్రియ 'ఉంటున్నాను' అని ఉంటే చాలు. ఇంగ్లీషులో ఆ సంగతిని క్రియ కూడా చెప్పాలి: 'హావ్ లివ్డ్' అనో, 'హావ్ బీన్ లివింగ్' అనో. పైగా మన 'నుంచి' అటు '2015 నుంచి', ఇటు 'పదేళ్ల నుంచి' రెండింటికీ సరిపోతుంది. ఇంగ్లీషువాళ్లు వేరు చేస్తారు. మొదలైన సమయానికి 'సిన్స్', గడిచిన కాలానికి 'ఫర్'.

విజయవాడలో ముప్పై ఒక్క ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఈ వాక్యాన్ని ఎర్ర పెన్సిలుతో ఎన్నిసార్లు కొట్టేసినా మళ్లీ వచ్చేది. వెనకున్న తెలుగు వాక్యాన్ని బోర్డు మీద పక్కనే రాసి చూపించడం మొదలుపెట్టాకే తగ్గింది.

మరి ఖాళీలు ఎలా సరిగ్గా పూరిస్తున్నారు? పేజీ పైన క్రియకు ఏ కాలం (టెన్స్) వాడాలో శీర్షికే చెప్పేస్తుంది కనుక. మాట్లాడేటప్పుడు ఆ శీర్షిక ఉండదు. మీ మేడమ్ చదవమన్నది అందుకే.

గై ఫాక్స్ కథ తీసుకోండి. 1605 నవంబరు 4 అర్ధరాత్రి వేళ, ఇంగ్లండు పార్లమెంటులోని ప్రభువుల సభ కింద నేలమాళిగలో, 36 పీపాల తుపాకి మందు దగ్గర అతను పట్టుబడ్డాడు. మొదటి జేమ్స్ రాజును చంపాలన్నది కుట్ర. నేటికీ నవంబరు 5 రాత్రి బ్రిటన్‌లో పెద్ద మంటలు వేస్తారు, బాణసంచా కాలుస్తారు, కొన్నిచోట్ల అతని దిష్టిబొమ్మనూ తగలబెడతారు. మన ఊళ్లలో నరకాసురుడి బొమ్మ కాల్చడం చూసినవారికి ఇది ఇట్టే గుర్తుండిపోతుంది. పుస్తకం మూసి ఈ కథను ఇంగ్లీషులో రాయండి. పట్టుబడటానికి ఒక కాలం కావాలి, ఏటా చేసే ఆచారానికి మరొకటి. 'నాలుగు వందల ఏళ్లుగా చేస్తున్నారు' అనేసరికి మీ గుంటూరు వాక్యం మళ్లీ ఎదురవుతుంది! ఈసారి ఏ కాలమో మీరే తేల్చుకోవాలి.

అలవాట్లు తెలియకపోతే అర్థమే తప్పిపోతుంది కూడా. ఉత్తర ఇంగ్లండులో చాలా ఇళ్లలో 'టీ' అంటే సాయంత్రం భోజనం. పిల్లవాడు 'టీకి ఏం చేశావమ్మా' అని అడుగుతున్నాడంటే ఆకలేస్తోందని.

విజయవాడ వచ్చినప్పుడు లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాలు చూడండి. బ్రిటన్‌లో అచ్చయిన పిల్లల పుస్తకం ఏది దొరికినా తీసుకోండి, వాటిలో వాక్యాలు చిన్నవి. ఈలోగా గై ఫాక్స్ మీద పది వాక్యాలు రాసి, 'ఫర్', 'సిన్స్' వచ్చినచోట గీత గీసి పంపండి. దిద్ది పంపుతాను.