ఇటుక బట్టీకి అడ్వాన్సు తీసుకుంటే, అది తీరేదాకా పని మానకూడదా?

మానేయొచ్చు, బాకీ సాకుతో మనిషిని పనికి కట్టిపడేయడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. మనిషి స్వేచ్ఛను అప్పుకు తాకట్టు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి, అలాంటి అప్పే రద్దవుతుంది.

రాయగడ కుటుంబం ఒకటి మేస్త్రీ దగ్గర 40,000 దాదన్ (ఒడిశా వైపు అడ్వాన్సుకు ఇదే మాట) తీసుకుని తెలంగాణ బట్టీకి వెళ్లిందనుకోండి. చాలీచాలని కూలి ఇస్తూ, ఇంటికి వెళ్తామంటే "లెక్క తేలలేదు" అని ఆపితే అది వెట్టే. వేలిముద్ర వేసిన కాగితమున్నా చెల్లదు. ఫిర్యాదు కలెక్టరుకు చేయాలి.

గొలుసులు, తాళాలు ఉంటేనే వెట్టి అనుకుంటారు చాలామంది. కాదు. కనీస వేతనం ఇవ్వకుండా చేయించుకునే పనీ బలవంతపు చాకిరీయేనని 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో, సుప్రీంకోర్టు తేల్చింది. ఇటుకలు కొనే బిల్డరు ధరతోపాటు కూలి చిట్టా కూడా అడగాల్సింది అందుకే, అడిగేవాళ్లు తక్కువ.