ఊళ్ళో ఆత్మహత్యలను ఆపడానికి శిక్షణ లేని మామూలు మనుషులు ఏం చేయగలరు?

"మా మండలంలో పదిమందిమి కలిసి ఆత్మహత్యల నివారణకు ఒక స్వచ్ఛంద బృందం పెట్టుకోవాలనుకుంటున్నాం, మాలో డాక్టర్లు ఎవరూ లేరు, మా వల్ల ఏమైనా అవుతుందా?" అని మీరు అడిగారు. అవుతుంది. నేను పాత వరంగల్ జిల్లాలోని పత్తి పండే ప్రాంతంలో పనిచేసి రిటైరైన బడిపంతులును. ఆరేళ్ళుగా ఇటువంటి బృందంలో ఉన్నాను. మేము ఏడుగురం. ఒక ఆశా కార్యకర్త, మహిళా సంఘం లీడరు, ఊళ్ళో సూదిమందు వేసే ఆర్‌ఎంపీ, ఆటో నడిపే కుర్రవాడు, ఒక మాజీ వార్డు సభ్యుడు, నేను, చివరగా ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణం సేటు. ఈ చివరి మనిషిని సాధారణంగా ఎవరూ పిలవరు. మా అందరిలోకీ పనికివచ్చినవాడు అతడే.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒక మధ్యాహ్నం సేటు నాకు ఫోను చేసి, "సార్, ఒక్కసారి దుకాణం కాడికి వస్తరా?" అని మాత్రం అన్నాడు. పదకొండేళ్ళుగా అతని దగ్గర ఉద్దెరకే తీసుకుపోయే ఒక కౌలు రైతు, ఆరోజు నగదు బల్ల మీద పెట్టి పురుగుమందు అడిగాడట. చివరి ఏరుడు అయిపోయి, చేలల్లో పత్తికట్టె పీకుతున్న రోజులవి. ఆ సమయంలో మందు దేనికి కొడతారో ముప్పై ఏళ్ళు అమ్మిన మనిషికి తెలియకుండా ఉంటుందా? సరుకు అయిపోయిందని, సాయంత్రానికి వస్తుందని అబద్ధం చెప్పి, అతన్ని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, లోపలికి పోయి నాకు ఫోను చేశాడు. ఏ మానసిక వైద్యుడూ ఆ క్షణాన అక్కడ ఉండడు కదా.

బండి మీద పోతూ నేను ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను. పిల్లల మొహం చూడమని, కష్టాలు ఎవరికి లేవని, బతికుంటే బలుసాకు తినవచ్చని. తీరా వెళ్ళి చూస్తే, అతడు చెప్పులు విడిచి ఎరువుల బస్తాల మీద కూర్చుని ఉన్నాడు, చేతిలోని చాయ్ మీద తరక కట్టింది. ఉపన్యాసమంతా ఎటో పోయింది. పక్కన కూర్చుని, కొంతసేపటికి, "చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అని సూటిగా అడిగాను. అతడు ఉలిక్కిపడలేదు. "పండుగ నుంచి, సార్" అన్నాడు.

ఆ తర్వాత రెండు గంటలు అతడే మాట్లాడాడు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు మూడు లక్షల ఎనభై వేలు ఉందట. అయితే అప్పు నాలుగేళ్ళుగా ఉన్నదే. పండుగకు కొత్తగా వచ్చిన అల్లుడు అరుగు మీద కూర్చుని ఉండగా, అప్పిచ్చినవాడు వాకిట్లోకి వచ్చి, బిడ్డ పెళ్ళికి తెచ్చిన పైసలు ఎప్పుడిస్తావని కేక వేశాడు, అదీ జరిగింది. డాక్టర్లు ఒప్పుకోకపోవచ్చు గాని, అప్పు మనిషిని వంచుతుందనీ, విరిచేది అవమానమేననీ నేను గట్టిగా నమ్ముతాను.

చావు గురించి అలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం చదువుకున్నవారిలోనే ఎక్కువగా చూశాను. ఆ భయం నిజం కాదని ఈ రంగంలో పనిచేసేవారంతా చెబుతారు. 1953లో లండన్‌లో చాడ్ వరా అనే క్రైస్తవ మతాచార్యుడు చావు ఆలోచనల్లో ఉన్నవారి కోసం ఫోను సహాయం మొదలుపెట్టాడు. ఆయనతో మాట్లాడటానికి వచ్చినవారు బయటి గదిలో ఎదురుచూస్తుంటే, సాయానికి వచ్చిన మామూలు మనుషులు టీ ఇచ్చి కబుర్లు వింటూ ఉండేవారు. వారితో మాట్లాడాక చాలామందికి లోపలికి వెళ్ళి ఆయనను చూడాల్సిన అవసరమే కనబడకపోవడంతో, వినే పనిని ఆయన వారికే అప్పగించాడు. సమారిటన్స్ అనే సంస్థ అలా నిలబడింది. చెన్నైలో 1986 నుంచి నడుస్తున్న స్నేహ సంస్థలో కూడా ఫోను ఎత్తేది స్వచ్ఛంద కార్యకర్తలే. అందువల్ల మీలో డాక్టరు లేడన్న దిగులు అక్కర్లేదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. "ఎవ్వలకు చెప్పరు గదా, సార్?" అని అతడు అడిగితే, చెప్పనని మాట ఇచ్చేశాను. ఆ మాట ఎప్పుడూ ఇవ్వకండి. ఆ సాయంత్రమే దాన్ని తప్పి, ఆశా కార్యకర్తతో కలిసి అతని భార్యకు చెప్పవలసి వచ్చింది. ఆమె ఆశ్చర్యపోలేదు. ఇంట్లో మిగిలిన మందు డబ్బాలను అప్పటికే పక్క ఊళ్ళో ఉన్న తమ్ముని ఇంటికి చేరవేసిందట. ఐదు రాత్రులుగా గడపకు అడ్డంగా చాప వేసుకుని పడుకుంటోందట. ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "చెప్తే ఇజ్జత్ పోతది సార్" అంది. అతడు మాత్రం ఇరవై రోజులు నాతో మాట్లాడలేదు. అందులో అతని తప్పేమీ లేదు.

మిగతా పని ఏడుగురం పంచుకున్నాం. ఆటో కుర్రవాడు కిరాయి తీసుకోకుండా భార్యాభర్తలను జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుని దగ్గరికి నాలుగు సార్లు తీసుకుపోయి తెచ్చాడు. సంఘం లీడరు, మాజీ వార్డు సభ్యుడు అప్పిచ్చినవాని దగ్గర కూర్చుని, ఇకమీదట ఇంటి వాకిట్లోకి రాకుండా, వచ్చే పంట దాకా మిత్తి ఆపేటట్టు ఒప్పించారు. అసలు అప్పు అలాగే ఉంది. అతని పేరున పట్టాదారు పాసుపుస్తకం లేదు కనుక బ్యాంకులో పంట రుణం పుట్టదు, 2018లో వచ్చిన రైతు బీమా కూడా అతనికి వర్తించదు. సొంత భూమి లేనివాడు దున్నినా రైతు కాకుండా పోయే ఈ లెక్కను మార్చడం ఏ స్వచ్ఛంద బృందం వల్లా అయ్యే పని కాదు, దానికి అర్జీలు రాస్తూనే ఉన్నాము.

సెప్టెంబరు 10న ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినమని ఫ్లెక్సీలు కట్టి, బడిపిల్లలను ఎండలో నడిపించి ఫొటోలు దిగడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అంతకంటే ఎక్కువగా మండించేది పత్రికలు రాసే "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అన్న మాట. దొంగతనానికి, దౌర్జన్యానికి, మోసానికి పాల్పడతారు. చనిపోయినవాణ్ణి కూడా ఆ వరుసలో నిలబెడితే, బతికి బయటపడినవాడు ఊళ్ళో తల ఎలా ఎత్తుకోగలడు? పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రిలో నిజం దాచేవారిని ఇప్పటికీ చూస్తున్నాము. తీవ్రమైన ఒత్తిడిలో ఉండి ప్రయత్నించినవారిగానే వారిని భావించాలని, శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షనే లేదు. ఈ సంగతి మా ఆర్‌ఎంపీకి కూడా మేము చెప్పేదాకా తెలియదు.

మేము ఓడిపోయిన సందర్భమూ ఉంది. రెండో సంవత్సరంలో, మా వీధికి రెండు వీధుల అవతల, పెళ్ళయి మూడేళ్ళయిన ఒక అమ్మాయి ప్రాణం తీసుకుంది. మేమంతా పత్తి చేల వైపు, అప్పుల వైపు చూస్తూ కూర్చున్నాము, ఆ ఇంటి వైపు ఒక్కరమూ చూడలేదు. 2021లో దేశంలో ఆత్మహత్యల వల్ల చనిపోయిన గృహిణులు 23,179 మంది అని, రైతులు, రైతు కూలీలు కలిపి 10,881 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చెబుతోంది. ఆ లెక్క నేను ఆమె పోయిన తర్వాతనే చదివాను. అప్పటి నుంచి మహిళా సంఘం పొదుపు సమావేశాలకు ఆశా కార్యకర్త తప్పకుండా వెళుతోంది, నెలలో రెండు సార్లు రాని మనిషి ఇంటికి మరునాడే పోతోంది.

ఫోనులో 14416 నంబరు పెట్టుకోండి. మానసిక బాధల్లో ఉన్నవారి కోసం 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ ఫోను సహాయం, టెలీ మానస్ అది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎదుటి మనిషి మాటలు విని మీకే నిద్ర పట్టని రాత్రి మీరైనా చేయవచ్చు, నేను చేశాను. బృందాన్ని మండలమంతటికీ పెట్టకండి, మూడు ఊళ్ళు చాలు. మొదటి సమావేశానికి పురుగుమందుల దుకాణదారును పిలవండి. బేరం వదిలి రాలేనంటే, సమావేశం అతని దుకాణంలోనే పెట్టుకోండి.