ప్లస్ టూ అయ్యాక పర్యావరణ శాస్త్రం: రాయగడ నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న

ప్రశ్న: మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ పాసైంది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదువుతానని పట్టుబడుతోంది. బంధువులేమో ‘చెట్ల చదువు చదివితే ఉద్యోగం ఎవరిస్తారు’ అంటున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: చదివించండి. అయితే ఆ సబ్జెక్టు ఎమ్మెస్సీలో తీసుకోమనండి. ప్లస్ త్రీలో, అంటే డిగ్రీలో మాత్రం కెమిస్ట్రీ గానీ బోటనీ గానీ మెయిన్‌గా ఉండాలి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు ఏ డిగ్రీ అయినా సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, జియాలజీ, పశువైద్యం వీటిలో కనీసం ఒకటి డిగ్రీలో చదివి ఉండాలి. లేదంటే వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్‌లలో ఏదో ఒక డిగ్రీ ఉండాలి. ఆ జాబితాలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లేదు, మెయిన్స్ ఆప్షనల్ సబ్జెక్టుల్లోనూ లేదు. అడవి మీద ఇష్టంతో చేరిన పిల్లలకు ఈ సంగతి డిగ్రీ చేతికొచ్చాక తెలిస్తే ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించండి. కెమిస్ట్రీనో బోటనీనో చదివిన అమ్మాయికి ఈ దారీ ఉంటుంది, పర్యావరణం వైపు దారీ ఉంటుంది.

‘చెట్ల చదువు’ అనే మాట దగ్గరికి వస్తాను. నీటి కాలుష్య చట్టం 1974లో, గాలి కాలుష్య చట్టం 1981లో వచ్చాయి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఈ రంగంలో ఉద్యోగాలు ఎక్కువగా ఈ చట్టాల వల్ల పుట్టినవే. మీ చుట్టుపక్కలే చూడండి. జేకేపూర్‌లో కాగితం మిల్లు, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ (ఇనుప మిశ్రలోహాల) ఫ్యాక్టరీ, కాశీపూర్ వైపు అల్యూమినా రిఫైనరీ, కాస్త దూరంలో దమన్‌జోడిలో నాల్కో అల్యూమినా రిఫైనరీ ఉన్నాయి. ఇలాంటి పరిశ్రమ ఏదైనా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా నడవకూడదు. అనుమతి కావాలంటే పొగగొట్టంలో ఏం పోతోందో, బయటికి వదిలే నీటిలో ఏం ఉందో కొలిచి చూపించాలి. కాగితం పరిశ్రమ అయితే కేంద్ర మండలి బాగా కాలుష్యం చేసేవిగా గుర్తించిన 17 రకాల్లో ఒకటి. అక్కడ కొలతలు ఆన్‌లైన్‌లో నిరంతరం మండలికి వెళ్తుండాలి. ఏటా సెప్టెంబరు 30లోగా పర్యావరణ నివేదిక ఇవ్వాలి. ఈ పనులన్నిటికీ మనుషులు కావాలి.

ఆ పని ఎలా ఉంటుందో మీ అమ్మాయికి ముందే తెలియాలి. శాంపిల్ సీసాలు పట్టుకుని ఎండలో కాలవ గట్ల వెంట నడవాలి, చిమ్నీ నిచ్చెనలెక్కాలి, ల్యాబ్‌లో బీఓడీ, సీఓడీ (నీరు ఎంత మురికిగా ఉందో చెప్పే కొలతలు) తీస్తూ గంటలు గడపాలి. తర్వాత రిపోర్టు రాయాలి. అంకె తగ్గించి రాయమని ఎవరైనా ఒత్తిడి చేస్తే కుదరదని చెప్పే ధైర్యం కూడా కావాలి. ఆ నీరు కలిసే నదికి దిగువన ఉన్న ఊళ్లవాళ్లు తాగే నీళ్లు ఆ అంకె మీదే ఆధారపడి ఉంటాయి. మీ నాగావళి శ్రీకాకుళం దాకా వెళ్తుంది కదా.

కొత్త గనికో ఫ్యాక్టరీకో అనుమతి రావాలంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ అంచనా చెయ్యాలి, చాలా ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరగాలి. ఈ అంచనాలు తయారుచేసే కన్సల్టెన్సీలు హైదరాబాద్‌లో, భువనేశ్వర్‌లో ఉన్నాయి. ఇక్కడ మీ అమ్మాయికి ఒక బలం ఉంది. తెలుగు, ఒడియా రెండూ వచ్చు. కొండల్లోని కోంధులు మాట్లాడే కువి భాష కూడా నాలుగు ముక్కలు నేర్చుకుంటే కొండ ఊళ్లలో కూర్చుని మాట్లాడగలదు. 2013లో గ్రామసభలను అడగమని సుప్రీంకోర్టు చెప్పాక నియమగిరి కొండల్లో 12 గ్రామసభలు బాక్సైట్ గని వద్దన్నాయి. ఊరివాళ్ల మాట విని, దాన్ని సరిగా కాగితం మీద పెట్టగలిగిన శాస్త్రజ్ఞులు మన ప్రాంతానికి చాలా అవసరం.

జీతం విషయం దాచను. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకోకూడదు. అనుభవం వచ్చాక ఫార్మా, సిమెంటు, విద్యుత్ కంపెనీల్లో పర్యావరణం, భద్రత చూసే విభాగాల్లో నిలదొక్కుకోవచ్చు. పాఠాలు చెప్పాలనుకుంటే యూజీసీ నెట్‌లో ఈ సబ్జెక్టు ఉంది. 2021 నుంచి గేట్‌లోనూ ఒక పేపర్ పెట్టారు.

ఎమ్మెస్సీకి దూరం పోనక్కర్లేదు. కోరాపుట్‌లోని ఒడిశా సెంట్రల్ యూనివర్సిటీలో జీవవైవిధ్యం, సహజ వనరుల సంరక్షణ విభాగం ఉంది. అక్కడికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ ఉంది. మీకు రైలు సౌకర్యం ఉంది, కానీ ఆంధ్రాలో లోకల్, నాన్ లోకల్ నిబంధన మీకు ఎలా వర్తిస్తుందో నోటిఫికేషన్‌లో చూసుకోండి. సముద్రం మీద ఆసక్తి ఉంటే బరంపురం యూనివర్సిటీలో మెరైన్ సైన్సెస్ ఉంది. చిలికా, తాబేళ్లు గుడ్లు పెట్టే రుషికుల్య తీరం అక్కడికి దగ్గరే.

సరిహద్దులో ఉన్న తెలుగు కుటుంబాలు తరచూ మర్చిపోయే విషయం ఒకటుంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. ఏడో తరగతిలోనో ఆ పైనో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి. లేకపోతే ఆ స్థాయి పరీక్ష విడిగా రాయాలి. బజారులో మాట్లాడే ఒడియాకు సర్టిఫికెట్ ఉండదు. మీ అమ్మాయి ఇంగ్లిష్ మీడియంలో ఒడియా లేకుండా చదివి ఉంటే, డిగ్రీ చదువుతుండగానే ఆ పరీక్ష రాయించండి.

ఇక ఈ వారంలో చెయ్యాల్సిన పని. ఇంటి బావి నీళ్లో బోరు నీళ్లో శుభ్రమైన సీసాలో పట్టి, అమ్మాయిని వెంటబెట్టుకుని జిల్లా నీటి పరీక్ష ల్యాబ్‌కి వెళ్లండి. పరీక్ష చేయించి, ఎలా చేస్తున్నారో చూడనిమ్మని అడగండి. అక్కడ పనిచేసేవాళ్లను తననే ప్రశ్నలడగనివ్వండి. ప్లస్ త్రీ ఫారంలో కెమిస్ట్రీ ముందు పెట్టాలా, బోటనీ ముందు పెట్టాలా అన్నది ఆ తర్వాత తననే తేల్చుకోమనండి.