అడవిలో ఒంటరిగా రాసుకుంటానంటే ఇంట్లో అలిగారు

ప్రశ్న: చాలాకాలంగా ఒక నవల రాస్తున్నాను. సగంలో ఆగిపోయింది. ఒక్కదాన్నే కూర్చుని పూర్తి చేద్దామని అడవి మధ్యలో కరెంటు కూడా లేని చెక్క ఇల్లు నెల రోజులకు బుక్ చేసుకుని, ఆ తర్వాత ఇంట్లో చెప్పాను. "మేమంటే అంత విసుగొచ్చిందా?" అన్నారు మావారు. పదేళ్ల పాప ముఖం మాడ్చుకుని తిరుగుతోంది. నాది స్వార్థమా?

జవాబు: రాసుకోవడానికి ఏకాంతం కోరుకుంటే స్వార్థం ఎందుకవుతుంది? కానీ బుక్ చేశాక చెప్పారు చూడండి, అక్కడే చెడింది. ముందే అడిగుంటే మీవారు కాస్త సణిగి ఒప్పుకునేవారేమో. ఇప్పుడు ఆయన అవునన్నా కాదన్నా మీ ప్రయాణం ఖాయమే. అందుకే నవల సంగతి ఎత్తకుండా ముందు "మిమ్మల్ని అడక్కుండా చేశాను, నాదే పొరపాటు" అనేయండి. తేదీలు మార్చుకునే వీలుంటే ఆయననే పక్కన కూర్చోబెట్టుకుని మార్చండి.

ఇంకో సంగతి. నవల ఆగింది టైము దొరక్కనా, కథ ఎటు పోవాలో తెలియకనా? టైమే అయితే అడవి పనికొస్తుంది. కథే మొరాయిస్తుంటే అక్కడా మొరాయిస్తుంది. బయల్దేరే ముందు రాబోయే అధ్యాయంలో ఏం జరుగుతుందో ఒక పేజీలో రాసి చూడండి. అదీ రాకపోతే ప్రయాణం కొన్నాళ్లు ఆపడమే మంచిది.

కరెంటు లేని ఇంట్లో రోజంతా రాతకే దొరుకుతుందనుకోకండి. నీళ్లు మోసుకోవాలి, కట్టెలు తడవకుండా చూసుకోవాలి, పొద్దు వాలితే లాంతరు వెలుగులో మీ అక్షరాలే మీకు ఆనవు. రాత్రి పైకప్పు మీద ఏదో గీరుతుంటే, ఎలుకేనని తెలిసినా నిద్ర పట్టదు. అన్నట్టు, చలిగా ఉందని తలుపులన్నీ బిగించి కుంపటి పెట్టుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇలాంటి ఏకాంతం అనగానే అందరూ అమెరికన్ రచయిత థోరో పేరు చెబుతారు. 1845 జులైలో ఆయన వాల్డెన్ చెరువు పక్కన గది కట్టుకుని రెండేళ్లకు పైగా ఉన్న మాట నిజమే. కానీ కాంకర్డ్ ఊరు అక్కడికి నడిచి వెళ్లేంత దూరమే. తరచూ ఊళ్లోకి వెళ్లి ఇంటివాళ్లను కలిసేవాడు. గదిలో మూడు కుర్చీలుండేవి, చూడటానికి జనం వచ్చేవారు. ఆ జీవితం గురించి ఆయన పుస్తకం, ఎన్నోసార్లు తిరగరాశాక, 1854లో గానీ వెలువడలేదు. మీరేమో నెలలో పూర్తి చేస్తానని ఇంట్లో మాటిచ్చినట్టున్నారు. ఆ టెన్షన్‌తో కూర్చుంటే కలం కదలదు. మొదట ఒక్క వారం వెళ్లండి. ఇంటికొచ్చి చూసుకుని, కావాలంటే మళ్లీ వెళ్లండి.

పాపకు "నీ మంచికే" లాంటి మాటలు చెప్పకండి. తిరిగొచ్చే రోజు తనచేతే క్యాలెండర్‌లో గుర్తు పెట్టించండి. అక్కడ సిగ్నల్ ఎక్కడ అందుతుందో ఇంటి యజమానిని ముందే కనుక్కుని, ఫోన్ చేసే వేళ తనకు చెప్పండి. ఒక రోజు మోగకపోతే కంగారు పడొద్దని, రెండో రోజూ మోగకపోతే ఎవరికి ఫోన్ చేయాలో మీవారికి రాసివ్వండి.

ఇంత చేశాక కూడా ఆయన వద్దంటే కారణం అడగండి. పాపను ఒక్కడే చూసుకోలేనని భయమైతే తోడు ఎవరినైనా పిలుచుకోవచ్చు. "ఈ రాతలెందుకు నీకు?" అని తీసిపారేస్తే మాత్రం గొడవ అడవి గురించి కాదు. అప్పుడు నాకు మళ్లీ రాయండి, దాని గురించి విడిగా మాట్లాడుకుందాం.