లింకు చూసి ఆగమాగం కావద్దు

బిడ్డా,

సైట్ల లింకులు విభాగాల వారీగ పేర్చి పెట్టే వెబ్ డైరెక్టరీలో పాత నల్లగొండ జిల్లా విభాగం నువ్వు చూసుకుంటున్నవని మీ నాయిన చెప్పిండు. సంతోషం. పానగల్లు గుళ్లు, పోచంపల్లి మగ్గాలు, నాగార్జునసాగర్ లింకులు ఏరి పెట్టుడు నీకు కష్టం గాదు. నా భయమంతా చూడరాని లింకు వచ్చిననాటి గురించే.

పిల్లల మీద లైంగిక అఘాయిత్యం చూపే బొమ్మ కనబడితే వెంటనే పేజీ మూసెయ్. సాక్ష్యం ఉండాలె గదా అని మంచి మనసుతోనే కొందరు స్క్రీన్‌షాట్ తీస్తరు. తీయొద్దు. తోటి ఎడిటర్ల వాట్సాప్ గ్రూపులో ఆ లింకు పెట్టొద్దు. అసొంటివి వెతికి చూసుడు, దించుకునుడు, పంచుడు ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరాలే. తీసెయ్యకుండ, ఫిర్యాదు చేయకుండ దాచుకుంటే పంచే ఉద్దేశం ఉన్నట్టు లెక్కగట్టొచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ బొమ్మ వెనక నిజంగ ఒక పసిబిడ్డ ఉంటది. నువ్వు కాపీ తీస్తే ఆ బిడ్డకు జరిగిన అన్యాయం ఇంకోచోట నిలబడ్డట్టే.

సైటు అడ్రసు, తేదీ, టైము కాయితం మీద రాసుకో, చాలు. సర్కారు ఫిర్యాదుల సైటు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టు. పిల్లల కేసుల్లో పేరు చెప్పకుండ కూడ పెట్టొచ్చు. "ఎవరో ఒకరు చెప్తరులే" అని ఊకోవద్దు. తెలిసినోళ్లు పోలీసులకు చెప్పాల్సిందేనని పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సోల 19వ సెక్షన్ అంటది. ఫిర్యాదు పెట్టినంక సీనియర్ ఎడిటర్‌కు ఒక్క ముక్క రాసి, లింకు డైరెక్టరీలోకి రాకుండ ఆపు.

మోసపు లోన్ యాప్‌లు, పందెం ఆటలు, దొంగ సినిమాలు వేరే సంగతి. అవి తీసుకోకు, అంతే. ఎవరన్న పైసలు పోగొట్టుకుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమను.

లింకు పంపినోళ్ల మీద మాత్రం తొందరపడి నింద వేయకు. గడువు తీరిన డొమైన్‌ను, అంటే సైటు పేరును, వేరేటోళ్లు కొని చెడ్డ పనులకు వాడుతరు. నిన్నటిదాంక చీరల సైటు అయినది ఇయ్యాల ఇంకోటి అయితది. "విభాగానికి తగదు" అని రాయి. నేరమా కాదా తేల్చేది పోలీసులు, కోర్టు. సైటు ఎవరిదో తవ్వుకుంట మళ్ల లోపలికి పోకు.

అసొంటిది కండ్లబడ్డ రోజు ఇంక పని ముట్టకు. మనసు కలుక్కుమంటది, నిద్ర పట్టదు. ఏం చూసినవో చెప్పకున్నా పర్వాలేదు, నాకు ఫోన్ చెయ్. రాత్రయినా సరే.

మీ పెద్దనాయిన,
నల్లగొండ