రిపోర్టులు నార్మల్, బరువు మాత్రం ఎక్కువ. గుండెకి ఇబ్బందేనా?

"షుగర్ లేదు, కొలెస్ట్రాల్ ఓకే, ఈసీజీ కూడా బానే ఉంది, మరి లావుగా ఉంటే గుండెకి ఏమవుతుంది" అని చాలామంది అంటారు కదా, నేనూ డాక్టర్ గారిని అచ్చం ఇలాగే అడిగా. ఆయన రిపోర్టులు పక్కన పెట్టేసి, రాత్రి గురక వస్తుందా అన్నారు. నిద్రలో ఉన్నోడికి ఏం తెలుస్తుంది, మా ఆవిడే చెప్పింది, గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగిపోతుందండీ, కాసేపటికి ఉలిక్కిపడి పీలుస్తారు అని.

వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర సన్న ట్యూబు, ఛాతీకి బెల్టు పెట్టి పడుకోబెట్టారు, స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం అని తేలింది. మెడలోపల, నాలుకలో కొవ్వు చేరితే నిద్రలో గాలి దారి మూసుకుపోతుందట, ఆక్సిజన్ పడిపోయిన ప్రతిసారీ ఒంట్లో అడ్రినలిన్ ఎగిసి బీపీ పెరుగుతుంది, అంటే గుండె తేలిగ్గా ఉండాల్సిన టైంలో దానికి నైట్ డ్యూటీ పడ్డట్టే. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రిస్క్ కూడా దీనివల్ల పెరుగుతుంది.

గురక లేకపోయినా సేఫ్ అనుకోకండి. ఒళ్ళు పెరిగేకొద్దీ రక్తం పెరుగుతుంది, అంతా పంప్ చేసీ చేసీ ఎడమ జఠరిక (ఒంటికి రక్తం తోసే గుండె గది) గోడ మందమవుతుంది, ఇది ఈసీజీలో దొరక్కపోవచ్చు, ఎకోలో (గుండెకి చేసే స్కానింగ్) కనిపిస్తుంది, నాకు అలాగే బయటపడింది. ఇంకోటి పొట్ట లోపల అవయవాల చుట్టూ చేరే కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే కొవ్వు) పెంచేది, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తగ్గించేది, ఇన్సులిన్ పనిచేయకుండా చేసేది ఎక్కువగా అదే. అందుకే తూకం ఒక్కటే కాదు, టేపు కూడా పెట్టి చూస్కోండి, కింది పక్కటెముకకి తుంటి ఎముకకి మధ్యలో, పొట్ట లోపలికి పీల్చకుండా (అందరం పీలుస్తాం లెండి). దక్షిణాసియా మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడాలి. బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) కూడా మనకి 23 నుంచే ఎక్కువ బరువు కింద లెక్క.

బీపీ చూపించుకునేటప్పుడు చెయ్యి లావుగా ఉంటే పెద్ద పట్టీ అడగండి, చిన్నది కడితే లేని బీపీ చూపిస్తుంది, నాకు పట్టీ మారిస్తే అంకె బాగా దిగింది, అయినా కొంచెం ఎక్కువే ఉందనుకోండి అది వేరే విషయం.

సన్నగా అయిపోవాలని ఏం లేదు, ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, ట్రైగ్లిజరైడ్లు మెరుగవుతాయి. నేను రాత్రిపూట సీపాప్ మెషిన్ (గాలి దారి మూసుకుపోకుండా మాస్కులోంచి గాలి తోసేది) పెట్టుకుంటూ రోజూ నడుస్తున్నా, పొద్దున్నే వచ్చే తలనొప్పి మాత్రం ముందు పోయింది, బరువు నిదానంగా దిగుతోంది. మీకు మెట్లెక్కితే మునుపు లేని ఆయాసం, కాళ్ళ వాపు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం లాంటివి ఉంటే బరువు వల్లేలే అని వదిలేయకండి, త్వరగా డాక్టర్‌కి చూపించి ఎకో అవసరమా అని అడగండి.