సర్వర్ లేచింది, లెక్కలు లేవు

ప్రశ్న: మాది దామలచెరువులో మామిడి మండీ. తూకం చీటీలు, రైతుల బాకీలు అన్నీ లినక్స్ కంప్యూటర్‌లో, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి. డేటా మాత్రం వేరే యూఎస్‌బీ డిస్క్‌లో ఉంది. మొన్న కరెంటు పోయి వచ్చాక సర్వర్ దానంతటదే లేచింది, ఎర్రర్ ఏమీ రాలేదు. కానీ ఒక్క రైతు పేరూ లేదు. లోడ్లు ఆగకూడదని ఆ పూట చీటీలు అందులోనే ఎక్కించాం. తర్వాత సర్వీసును ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పాత లెక్కలన్నీ వచ్చాయి, ఆ పూట చీటీలు మాయం. నిన్న మళ్లీ కరెంటు పోతే రైతుల పేర్లు పోయి, ఆ చీటీలు కనిపించాయి! స్టార్టప్ స్క్రిప్ట్ గతంలో మా దగ్గర పనిచేసిన అబ్బాయి రాసింది. సీజన్ మధ్యలో ఉన్నాం, చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక గుమాస్తా

జవాబు: మీ చీటీలు ఎక్కడికీ పోలేదండి. నిన్న అవి మళ్లీ కనిపించాయని రాశారు చూడండి, అదే దీనికి రుజువు. మీ కంప్యూటర్‌లో ఇప్పుడు రెండు డేటాబేస్‌లున్నాయి, రెండూ ఒకే ఫోల్డర్ దారి పేరుతో.

అన్నిటికంటే ముందు రాత్రిపూట నడిచే బ్యాకప్‌ను ఆపేయండి. ఖాళీ డేటాబేస్ నడుస్తున్న రాత్రి అది పాత బ్యాకప్ మీద రాసేస్తే తిరిగి తెచ్చుకోవడం కష్టం.

జరిగింది ఇదీ. మీ స్క్రిప్ట్ తెరిస్తే 'డేటా డైరెక్టరీ ఖాళీగా ఉంటే ఇనిట్‌డీబీ నడుపు, టేబుళ్లు తయారుచేయి' అనే అర్థం వచ్చే వరసలు ఉంటాయి (ఇనిట్‌డీబీ అంటే కొత్త ఖాళీ డేటాబేస్ కట్టే కమాండ్). కరెంటు వచ్చాక యూఎస్‌బీ డిస్క్ సిద్ధమై మౌంట్ కావడానికి, అంటే తన ఫోల్డర్‌కు తగులుకుని అందులో కనబడటానికి, కొంత టైం పడుతుంది. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్) ఆ డిస్క్ వరసలో 'నోఫెయిల్' ఉంటే సిస్టమ్ దానికోసం ఆగదు. ఈలోగా మీ స్క్రిప్ట్ వచ్చి చూసింది, ఫోల్డర్ ఖాళీ. వెంటనే లోపలి డిస్క్ మీదే కొత్త డేటాబేస్ కట్టేసింది. తర్వాత అసలు డిస్క్ వచ్చి, చాప మీద ఇంకో చాప పరిచినట్టు, దాని మీద మౌంట్ అయింది. అప్పటికే నడుస్తున్న సర్వర్ కింది దాన్నే పట్టుకుని ఉంది. మీరు ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడే పై దాన్ని చూసింది.

ఇనిట్‌డీబీ అనేది డేటాబేస్ పుట్టినప్పుడు ఒక్కసారి, మనిషి దగ్గరుండి చేయాల్సిన పని. రోజూ నడిచే స్టార్టప్ స్క్రిప్ట్‌లో దానికి చోటు ఉండకూడదు. తిరుపతిలో లాడ్జీల బిల్లింగ్ సర్వర్లు చూడటానికి వెళ్లినప్పుడు నేను మొదట వెతికేది ఆ వరస కోసమే. డేటా కనబడకపోతే సర్వర్ లేవకుండా ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలి. అప్పుడు మీకు ఫోన్ వస్తుంది, చిరాకు పడతారు, కానీ లెక్కలు రెండు ముక్కలు కావు.

కాబట్టి ఆ వరసలు తీసేయండి. పోస్ట్‌గ్రెస్‌ను స్టార్ట్ చేసే సర్వీస్ ఫైల్‌లో యూనిట్ భాగం కింద 'రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్' అని రాసి డిస్క్ మౌంట్ అయ్యే దారి ఇవ్వండి. ఆ డిస్క్ మౌంట్ అయ్యాకే పోస్ట్‌గ్రెస్ మొదలవుతుంది, అది రాకపోతే మొదలే కాదు. డేటాను నేరుగా మౌంట్ అయ్యే ఫోల్డర్‌లో కాకుండా దాని లోపల ఇంకో ఫోల్డర్‌లో ఉంచండి. పై ఫోల్డర్ రూట్ (అడ్మిన్ యూజర్) పేరున, లోపలిది పోస్ట్‌గ్రెస్ పేరున ఉండాలి. ఎఫ్‌స్టాబ్‌లో డిస్క్‌ను యూయూఐడీతో (డిస్క్‌కు ఉండే మారని గుర్తింపు నంబరు) రాయండి, యూఎస్‌బీ డిస్క్‌ల పేర్లు మారుతుంటాయి. వీలైతే ఒక యూపీఎస్ కూడా కొనండి.

ఇక ఆ చీటీలు. సర్వర్ ఆపి, డిస్క్‌ను అన్‌మౌంట్ చేయండి. అదే ఫోల్డర్‌లో కింది డేటా బయటపడుతుంది. దాన్ని యజమాని పేరు, పర్మిషన్లు మారకుండా వేరే చోటికి కాపీ చేయండి. ఆ కింది డేటాను చెరపొద్దు, పేరు మార్చి పక్కన పెట్టండి. కాపీని పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా 5433 పోర్టులో నడపండి, రూట్‌గా అయితే అది లేవదు. తర్వాత చీటీల టేబుల్‌ను సీఎస్‌వీగా తీసుకోండి.

దాన్ని అలాగే పాత డేటాబేస్‌లోకి తోసేయకండి. ఖాళీ డేటాబేస్‌లో చీటీ నంబర్లు 1 నుంచి మొదలై ఉంటాయి, పాత చీటీల నంబర్లతో ఢీకొంటాయి. కొత్త నంబర్లతో ఎక్కించి, ఆ పూట పడిన నంబరును రిమార్కుల్లో రాయండి. డబ్బు కోసం వచ్చే రైతు చేతిలో ఉండేది ఆ పూట నంబరు చీటీయే.